పచ్చగా ఉండవలసిన వరి

పాలకమండలి అధ్యక్షులవారు చెప్పులు బయట విడిచి చీకటి గదిలో అడుగుపెట్టేసరికి తెరమీద వరి కాండం ఎర్రగానూ నీలంగానూ వెలిగిపోతోంది. ఆ తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఇదొక్కటే. అంతకు మించి ఆ రోజు సస్యకణ పరిశోధనా సంస్థలో ఎవరూ ఏ పాపమూ చెయ్యలేదు.

కొత్తగా ఫ్రిజ్ కొన్నవాళ్ళు చుట్టాలందరినీ వంటింట్లోకి తీసుకెళ్ళినట్టు, ఆ సంస్థకు ఎవరొచ్చినా ముందు ఆ గదికే తీసుకెళ్తారు. అందులో కన్ఫోకల్ ఉంది. లేజర్ కాంతిని సూదిమొనలా దించి, కత్తి పెట్టకుండానే మొక్క కణాన్ని పొర తర్వాత పొర చూపించే సూక్ష్మదర్శిని అది. దానికోసం గదిలో చీకటి ఉంటుంది, నిశ్శబ్దం ఉంటుంది, ఏసీ ఉంటుంది. ప్రొఫెసర్ విశ్వభూషణం గారు వేడి మధ్యాహ్నాలు అక్కడే గడిపేస్తారు. భార్య పోయాక ఆయన ఇంట్లోనూ చీకటీ నిశ్శబ్దమూ ఉన్నాయి గాని ఏసీ లేదు.

ఆ రోజు యంత్రం ముందు కూచున్నది ఆయన విద్యార్థిని తలారి సువార్త. ఆ అమ్మాయి పరిశోధన గాలివాన గురించి. డెల్టాలో వరి పాలుపోసుకునే వేళకి తుఫాను రావడం ఆనవాయితీ. వచ్చిందంటే చేలు చాప పరిచినట్టు పడుకుంటాయి. ఒక పాత రకం మాత్రం వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఎందుకు లేస్తుందో దాని కాండంలోని కణాల గోడలకు తెలుసు. ఆ గోడల చేత మాట్లాడించడానికి సువార్త కాండాన్ని బ్లేడుతో పల్చగా కోసి, ద్రావణంలో నానబెట్టి అద్దంలా చేసి, రెండు రంగులు పట్టిస్తుంది. ఫుక్సిన్ అనేది గోడలకు బిగువునిచ్చే లిగ్నిన్‌ని పట్టుకుని ఎర్రగా వెలుగుతుంది. కాల్కోఫ్లోర్ అనేది గోడల్లోని పీచుని పట్టుకుని నీలంగా వెలుగుతుంది. బట్టల సబ్బులో తెల్లదనం కోసం కలిపే మందుకి ఇది దగ్గర చుట్టం. ఎరుపు ఎక్కడ, నీలం ఎక్కడ, ఏది ఏ మేరకు అన్నది చూస్తే ఆ వరి ఎందుకు నిలబడుతుందో చెప్పెయ్యచ్చు.

మిగతా అధ్యాయాలన్నీ పరీక్షకులకి వెళ్ళిపోయాయి. ఈ బొమ్మల అధ్యాయం ఒక్కటే మిగిలింది. ఫెలోషిప్ ఈ పైరుతో సరి. ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఆమె కోసం ఎదురుచూస్తోంది గాని, కోతల్లోపు డిగ్రీ చేతికి రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూచుంటారు. ఈ సంగతి సువార్తకి తెలుసు, భూషణం గారికి తెలుసు. తెరమీది వరికి తెలీదు.

"ఏమిటిది?" అన్నారు అధ్యక్షులవారు.

"వరండీ," అంది సువార్త.

ఆయన వంగి చూశారు. ఆయన వెనక ఉన్నవాళ్ళంతా వంగారు.

"పచ్చగా లేదే."

భూషణం గారు గొంతు సవరించుకున్నారు. "ఇది రంగు పట్టిస్తే వచ్చిన వెలుగండీ. కణం చుట్టూ గోడ ఉంటుంది..."

"అంటే ఈ ఎరుపు మీరు వేసిందే?"

"మేం వేసిందేనండి."

"వేసేవాళ్ళు పచ్చది వెయ్యచ్చుగా. మనది మొక్కల సంస్థ కదా మాస్టారూ. రేపు హరిత సంస్థల పోటీకి మనం వెళ్ళాలి. ఎవరైనా చూస్తే మొక్కకి జబ్బు చేసిందనుకోరూ?"

ఆయన మంచి మనిషి. మాటవరసకి అన్నారు. అని, కాఫీ తాగి, కారెక్కి వెళ్ళిపోయారు. కాని డైరెక్టర్ ఉమాకాంతం గారు పెద్దవాళ్ళ మాటవరసను కూడా వృథాగా పోనిచ్చే మనిషి కాదు. కారు గేటు దాటకముందే ఆఫీసు పరిపాలన చూసే ఏ.ఓ. భద్రిరాజు గారికి కబురు వెళ్ళింది.

మర్నాడు నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలసింది. "ఇందుమూలముగా సిబ్బందికీ పరిశోధకులకూ తెలియజేయునది ఏమనగా, మొక్క స్వభావరీత్యా హరితము. కావున సంస్థయందు తీయబడు మొక్కల రంగుచిత్రములన్నియు ఆకుపచ్చగా ఉండవలెను. ఉండని యెడల ఉండునట్లు చేయవలెను."

సువార్త అది చదివి నవ్వింది. "ఇదో పెద్ద సమస్యా సార్. యంత్రానికి రంగే తెలీదు. ఎంత వెలుగొచ్చిందో లెక్కేస్తుంది, అంతే. ఎరుపు చూపించమంటే ఎరుపు, పచ్చ చూపించమంటే పచ్చ. మౌస్ ఒక్కసారి నొక్కితే సరి."

నొక్కింది. ఎరుపు పచ్చగా మారింది. ఇంకోసారి నొక్కింది. నీలమూ పచ్చగా మారింది. లిగ్నినూ పచ్చ, పీచూ పచ్చ. తెరమీద గోంగూర పప్పులాంటిదొకటి మిగిలింది. ఏది ఏదో బ్రహ్మకి కూడా తెలిసేలా లేదు.

"ఒకటి చిలకపచ్చ చెయ్యి, ఒకటి ముదురు పచ్చ చెయ్యి," అన్నారు భూషణం గారు.

అలాగే చేసి పట్టుకెళ్ళారు. అప్పటికే వర్ణ ఔచిత్య సంఘం అని ఒకటి ఏర్పడింది. డైరెక్టరుగారు అధ్యక్షులు, భద్రిరాజు గారు కార్యదర్శి, మిగిలినవాళ్ళు టీ వచ్చేదాకా సభ్యులు. ఏది పచ్చ అన్న చర్చ ఒక పూట నడిచింది. చివరికి సంస్థ గేటుకి వేసిన రంగే ప్రామాణికమని తేలింది. గేటుకి ఒక రెక్క ఎండకి వెలిసిపోయింది, రెండోది వేపచెట్టు నీడన పచ్చగా ఉంది. నీడన ఉన్న రెక్కనే లెక్కలోకి తీసుకోవాలని సవరణ ప్రతిపాదించారు. ఏకగ్రీవంగా ఆమోదించారు. పచ్చ ఒకటే. రెండో పచ్చకి తావు లేదు.

"మరి రెండు పదార్థాలు విడివిడిగా చూపించాలంటే ఎలాగండీ?" అన్నారు భూషణం గారు.

"విడివిడిగా ఎందుకూ?" అన్నారు ఉమాకాంతం గారు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "ఐకమత్యంగా ఉన్నాయని చూపించండి."

ఇంతలో భద్రిరాజు గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఆయన కళ్ళజోడు పైకి తోస్తే ఏదో ఒక ఫైలు ఆగిపోతుందని సంస్థలో నానుడి.

"అసలు ఈ మౌస్ నొక్కడమే నాకు అభ్యంతరం," అన్నారాయన. "ఎర్రగా వచ్చినదాన్ని కంప్యూటర్లో పచ్చగా మార్చడమంటే దస్తావేజు దిద్దడమే. రేపు ఆడిట్ వాళ్ళు పట్టుకుంటే మనం ఏం చెబుతాం? పచ్చదనం పుట్టుకతో రావాలి, పెంపకంతో కాదు. రంగే పచ్చగా వెలిగేది కొనాలి. అంతవరకూ ఈ ఎర్ర రంగూ నీలి రంగూ నా బీరువాలో ఉంటాయి."

అలా ఫుక్సినూ కాల్కోఫ్లోరూ బీరువాకెక్కాయి. తలుపు సందున గుడ్డ అంటించి, లక్కముద్ర వేశారు. సీసాలు కాంతి తగలకుండా చీకట్లో ఉండటం వాటికి మంచిదేనని భూషణం గారు మనసులో అనుకున్నారు. ఆయనకది అలవాటు. ఇల్లు కాలితే దోమలు పోయాయనుకునే రకం.

పచ్చరంగు కోసం టెండరు పిలిచారు. టెండరులో కణాల గోడ అని రాస్తే ఇద్దరు సున్నం వేసేవాళ్ళు వచ్చారు. గోడ అన్న మాట తీసేసి మళ్ళీ పిలిచారు. అందరికన్నా తక్కువకి వేసినవాడికి ఆర్డరు వెళ్ళింది. డబ్బా వచ్చింది. మూత తియ్యగానే గదంతా యాలకుల వాసన.

"ఇది స్వీట్లలో వేసే రంగు సార్," అంది సువార్త.

"తినడానికి పనికొస్తే మొక్కకి హాని చెయ్యదు," అన్నారు భద్రిరాజు గారు. "కానివ్వండమ్మా."

కానిచ్చింది. రంగులో మైదా కలిపినట్టున్నారు, స్లయిడ్ మీద హల్వాలా గడ్డకట్టింది. లేజర్ లోపలికి పోలేదు, వెలుగు బయటికి రాలేదు. సంఘం సభ్యులు వరసగా కూచుని నల్లటి తెరకేసి కాసేపు చూశారు.

"ఏమీ కనబడటం లేదు," అన్నారు డైరెక్టరుగారు.

"ఎరుపైతే లేదు కదండీ," అన్నారు భద్రిరాజు గారు. అని, ఎరుపు లేనట్టుగా ధ్రువీకరించడమైనదని రాసుకున్నారు.

గదిలోంచి బయటికొచ్చాక సువార్త మెట్ల మీద కూలబడింది. "కంకులు తొంగి చూస్తున్నాయి సార్. పాలుపోసుకునేటప్పుడే కాండం కొయ్యాలి. అది దాటితే ముదిరిపోతుంది, ఈ పైరు పోయినట్టే. ఇంకో పైరు దాకా నాకు జీతం లేదు."

"దాటలేదు కదా ఇంకా."

"మీకేం సార్, మీరు రాయిని చూసినా మెత్తగా ఉందంటారు."

"కొన్ని ఉంటాయమ్మా. ఏటి నీళ్ళు ఇస్తిరీ చేసిన రాళ్ళు," అన్నారాయన. ఆ అమ్మాయి నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. క్యాంటీన్ నుంచి టీ తెప్పించారు. ఆ వేళ అల్లం కాస్త ఎక్కువ పడింది. భూషణం గారు అది గమనించి, క్యాంటీన్‌కేసి చూసి తలూపారు.

సంఘం తర్వాతి సమావేశంలో డైరెక్టరుగారే ఒక మహత్తరమైన ఆలోచన చేశారు. "అసలు రంగెందుకండీ? మొక్క పుట్టుకతోనే పచ్చన. రసాయనాలు లేకుండా, సహజంగా, ఉన్నదున్నట్టు చూపిద్దాం. ఇప్పుడు దేశమంతా ఇదే గాలి వీస్తోంది."

అందరూ చప్పట్లు కొట్టారు. భూషణం గారు చెయ్యెత్తి, "అది కాదండీ, ఆకుని లేజర్ కింద పెడితే..." అని మొదలుపెట్టారు గాని, చప్పట్లు ఆగేసరికి అందరూ చీకటి గదికేసి నడుస్తున్నారు. డైరెక్టరుగారు దారిలో స్వహస్తాలతో ఒక ఆకు కోశారు. నవనవలాడే ఆకు. ఏ రంగూ పట్టించలేదు, ఏ మందూ పుయ్యలేదు. స్లయిడ్ మీద పెట్టారు. యంత్రంలో ఉన్న మామూలు అమరికలు ఎవరూ ముట్టుకోకూడదని భద్రిరాజు గారు దగ్గరుండి చూశారు. లేజర్ వేశారు.

తెర ఎర్రగా మండిపోయింది.

ఏసీ చప్పుడు వినబడింది.

"ఇది ఎవరు చేశారు?" అన్నారు ఉమాకాంతం గారు.

"ఆకేనండి," అన్నారు భూషణం గారు. "ఆకుకి పచ్చదనమిచ్చే పదార్థం ఉంది చూశారూ, దాని మీద లేజర్ పడితే అది ఎర్రగా వెలుగుతుంది. దాని తత్వమే అంత. ఎంత పచ్చని ఆకైతే అంత ఎరుపు."

భద్రిరాజు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "అంటే పైకి పచ్చగా కనిపిస్తూ లోపల నిబంధనని ఉల్లంఘిస్తోందన్నమాట."

"అలా అనుకోకూడదేమోనండి."

"ఇంకెలా అనుకోవాలి? నేను ముప్పొద్దులా ఫైళ్ళు చూసే మనిషిని. ఇలాంటివి చాలా చూశాను."

సంజాయిషీ అడగాలంటే ఎవరిని అడగాలన్న దగ్గర చర్చ ఆగింది. ఆకుకి ఉద్యోగి సంఖ్య లేదు. ఆ ఆకు ఉన్న చెట్టు అటవీశాఖ లెక్కలోకొస్తుందా, మన లెక్కలోకొస్తుందా అన్నది తేలలేదు. కోసింది డైరెక్టరుగారు కనక ఆ మాట మినిట్స్‌లో రాయకూడదనుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే తెచ్చి లేజర్ కింద పెట్టారు. బెండ ఆకు, ఎరుపు. తులసి, ఎరుపు. డైరెక్టరుగారి గది ముందు కుండీలో బహుమతి పొందిన క్రోటన్, మరీ ఎరుపు. సంస్థలో బతికున్న మొక్కల్లో ఒక్కటీ పరీక్షకి నిలవలేదు.

చివరికి ఎవరో టీ కప్పుల ట్రే కింద పరిచిన ఎండుగడ్డి పరకొకటి తీసి పెట్టారు. విసుగెత్తి పెట్టారు, అంతే. నీలి లేజర్ వేశారు. పరక చక్కగా, మెత్తగా, ఆకుపచ్చగా వెలిగింది.

గదిలో ఒక నిట్టూర్పు వినబడింది. గేటు నీడరెక్క ఫోటో పక్కన పెట్టి చూశారు. అచ్చం అదే పచ్చ.

భూషణం గారు వివరించబోయారు. ఎండినదాంట్లో ఎర్రగా వెలిగే పదార్థం పోతుందనీ, మిగిలిన లిగ్నిన్ కొద్దిగా పచ్చగా వెలుగుతుందనీ, అది మొక్క గొప్పతనం కాదు, చావనీ. ఎవరూ వినే స్థితిలో లేరు.

సాయంత్రానికి రెండో సర్క్యులర్ వచ్చింది. "సజీవ మొక్కలు నిబంధనలకు అనుగుణముగా లేవని పరీక్షలో రుజువైనందున, ఎండిన మొక్కలు మాత్రమే హరితముగా ఉన్నవని తేలినందున, ఇకపై సంస్థలో పరిశోధన ఎండిన మొక్కలమీదనే జరుగవలెను. ఎండని మొక్కలను ఎండునట్లు చేయవలెను." ఎలక్ట్రీషియన్ వచ్చి గ్రీన్‌హౌస్ మోటారు ఫ్యూజు పీక్కుపోయాడు.

సువార్త కుండీలు ఆ గ్రీన్‌హౌస్‌లోనే ఉన్నాయి. పొట్ట పగిలి కంకులు సగం బయటికొచ్చాయి. వరికి ఆ దశలో ఒక్క పూట కాళ్ళు తడవకపోయినా తాలు గింజే.

భూషణం గారు ఏ.ఓ. గదికి వెళ్ళారు. "ఆ కుండీలు బయటికి తీసుకెళ్ళడానికి గేట్ పాస్ కావాలండి."

"సంస్థ ఆస్తి బయటికెలా పోతుంది?"

"అవి ఆస్తి కాదు కదండీ ఇప్పుడు. మీ సర్క్యులర్ ప్రకారం నిబంధనలకి విరుద్ధమైన మొక్కలు. వాటిని తొలగించాలి కదా."

భద్రిరాజు గారు కాసేపు ఆలోచించారు. వాదనలో లోపం కనబడలేదు. ఆయనకి అది ఒకింత బాధ కలిగించినట్టే ఉంది. "తొలగింపు స్థలం?" అన్నారు కలం తెరుస్తూ.

"మా డాబా."

"తొలగించాక అవి పచ్చబడితే... ఐ మీన్ ఎండకపోతే సంస్థకి బాధ్యత లేదు."

"లేదండి."

ఆటోలో కుండీలు వచ్చాయి. సువార్తా ఆయనా ఒక్కొక్కటే మెట్లెక్కించారు. పక్కింటి మాణిక్యాంబ గారు ప్రహరీ మీంచి తొంగిచూసి, "ఇదేమిటి మాస్టారూ, ఈ వయసులో సేద్యమా?" అంది.

"నాది కాదమ్మా. మా అమ్మాయికి డాబా కౌలుకిచ్చాను."

"కౌలేపాటి?"

"సాయంత్రం పూట వచ్చి ఒక కప్పు టీ పెట్టివ్వడం."

"నేను పెట్టిన టీ నేనే తాగాను సార్ నిన్న. కౌలు రద్దు చేసుకోండి, మీరే పెట్టండి," అంది సువార్త కుండీ దించుతూ.

పొద్దున లేచి నీళ్ళు పొయ్యాల్సినవి ఉంటే మనిషి లేస్తాడు. ఇన్నాళ్ళూ ఆయన ఎందుకు లేవాలో తెలీక ఆలస్యంగా లేచేవారు. ఇప్పుడు చెంబు తీసుకుని డాబా ఎక్కితే పిచుకలు ముందే వచ్చి కూచునేవి. వాటిని అదిలించడం, అవి ఎగిరినట్టే ఎగిరి పిట్టగోడ మీద వాలడం, ఆయన కాఫీ చల్లారిపోవడం. ఎవరితోనన్నా ఒక విషయంలో తగువుపడి ఎంతకాలమైందో అనుకున్నారాయన.

కంకుల్లో పాలు నిండసాగాయి. బీరువాకి లక్కముద్ర అలాగే ఉంది.

సంస్థలో మాత్రం పని చురుగ్గా సాగుతోంది. గ్రీన్‌హౌస్‌లో మొక్కలన్నీ నియమానుసారం ఎండిపోయాయి. దొడ్లో గడ్డి ఎండింది. క్రోటన్ చివరిదాకా మొండికేసింది గాని దానికి కూడా దారిచూపించారు. ప్రతి ఎండుపరకకీ కన్ఫోకల్ చిత్రం తీసి, చట్రం కట్టి వరండాలో వేలాడదీశారు. వరండా కన్నుల పండుగ్గా ఉంది. సరిగ్గా అప్పుడే హరిత సంస్థల పోటీ న్యాయనిర్ణేతలు వచ్చారు.

వాళ్ళు కారు దిగి, ఆవరణ చూసి, చిరునామా తప్పామేమోనని డ్రైవర్‌ని అడిగారు.

"బయట చూడకండి సార్," అన్నారు ఉమాకాంతం గారు ఎంతో మర్యాదగా. "బయటివి ముడిసరుకు. పచ్చదనం లోపల ఉంది."

లోపల చూశారు. నిజమే. అంత పచ్చదనం వాళ్ళు ఇంకే సంస్థలోనూ చూడలేదు. పైగా నీళ్ళు ఏ మాత్రం వాడలేదన్న మాట వాళ్ళని బాగా కదిలించింది. మొదటి బహుమతి అక్కడికక్కడే ప్రకటించారు.

బహుమతి వచ్చిన వారంలోనే, ఒక శుక్రవారం మధ్యాహ్నం, భూషణం గారు సువార్తని వెంటపెట్టుకుని సంఘం ముందుకొచ్చారు. అందరూ ప్రసన్నంగా ఉన్నారు. డైరెక్టరుగారు లేచి కరచాలనం చేశారు.

"ఒక చిన్న మనవండి," అన్నారు భూషణం గారు. "రంగు వెయ్యం. యంత్రం లెక్కపెట్టిన వెలుగుని అది లెక్కపెట్టినట్టే, నలుపు తెలుపుల్లో చూపిస్తాం. లిగ్నిన్‌కి ఒక బొమ్మ, పీచుకి పక్కన ఇంకో బొమ్మ. దానికి ఆ పాత సీసాలు రెండూ కావాలి."

"ఫుక్సినా?" అన్నారు ఉమాకాంతం గారు. నవ్వు మాయమైంది. "ఎర్రనిది కదండీ అది."

"సీసాలో ఎరుపేనండి. కాగితం మీద ఎరుపుండదు."

"అధ్యక్షులవారు చూస్తే?"

సువార్త చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని బల్లకేసి చూస్తోంది. పాలు గట్టిపడటం మొదలైందని ఆ పొద్దున గింజ నొక్కి చూసింది. ఈ మాట ఇవాళ తేలకపోతే ఇక తేలినా ఒకటే, తేలకపోయినా ఒకటే.

భద్రిరాజు గారు కళ్ళజోడు పైకి తోశారు.

ఆయన మొదటి సర్క్యులర్ ప్రతి తెప్పించుకుని, వేలు పెట్టి చదివారు. "మొక్కల రంగుచిత్రములన్నియు ఆకుపచ్చగా ఉండవలెను. రంగుచిత్రములు అని ఉంది. నలుపు తెలుపు రంగుచిత్రం కిందికి రాదు. నా పెళ్ళి ఫోటో నలుపు తెలుపు. దాన్ని ఎవరూ రంగుల ఫోటో అనరు. రెండో సంగతి, కంప్యూటర్లో దిద్దుతున్నారని కదా నా అభ్యంతరం? ఇందులో దిద్దుబాటు లేదు. మూడోది, ఎండిన మొక్కల సర్క్యులర్ సంస్థ మొక్కలకి వర్తిస్తుంది. ఈ అమ్మాయివి సంస్థ తొలగించిన మొక్కలు. నేనే సంతకం చేశాను." కాగితం బల్లమీద పెట్టారు. "ఈ విషయం మన పరిధిలో లేదండీ."

పరిధిలో లేనిదాన్ని కాదనడానికి డైరెక్టరుగారికి దారి కనబడలేదు.

సమావేశం అయ్యాక భద్రిరాజు గారు స్వయంగా లక్క పగలగొట్టి సీసాలు ఇచ్చారు. సువార్త వాటిని పసిపిల్లల్ని అందుకున్నట్టు అందుకుని, థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయి పరిగెత్తింది. భూషణం గారు ఆగారు.

"ఆ వాక్యం రాసింది మీరే కదండీ."

"నేనే. రాసేటప్పుడు అందులో ఇంత సందుందని తెలీదు. తెలిస్తే మూసేవాణ్ణి."

"ఇప్పుడు మూసెయ్యచ్చుగా."

భద్రిరాజు గారు గోడగడియారం చూశారు. "ఇవాళ శుక్రవారం. టైపిస్టు పెందలాడే వెళ్ళిపోయింది. సవరణ సోమవారం పెడతాను. పెట్టక తప్పదు, నా డ్యూటీ అది." బీరువా తాళం వేసి, ఉందో లేదో లాగి చూశారు. "చీకటి గదికి శనాదివారాలు ఏసీ ఆపమని లేదు. ఆ మాట కూడా ఎక్కడా రాసి లేదు."

శనివారం పగలంతా, ఆదివారం పగలంతా సువార్త యంత్రం ముందునుంచి లేవలేదు. డాబా మీంచి కోసుకొచ్చిన కాండాల్ని చెక్కింది, రంగు పట్టించింది, కడిగింది, చూసింది. భూషణం గారు కడిగే నీళ్ళు మార్చారు, ఉప్మా పొట్లాలు తెచ్చారు. తెరమీద ఒక పక్క లిగ్నిన్ తెల్లగా ఉంగరంలా చుట్టుకుని ఉంది. రెండో పక్క పీచు దాని లోపల పొరల్లో పట్టుకుని ఉంది. ఇదివరకు ఎరుపూ నీలమూ ఒకదానిమీద ఒకటి పడినప్పుడు ఊదారంగులో కలిసిపోయి కనబడని సన్నటి అంచు ఒకటి ఇప్పుడు స్పష్టంగా కనబడింది. బయట ఎముకలాంటి బిగువు, లోపల తాడులాంటి సాగుడు. వంగేది ఇది. లేపేది అది.

"సార్," అంది సువార్త. తర్వాతేమనాలో తోచక మళ్ళీ, "సార్," అంది.

సోమవారం నలుపు తెలుపులు కూడా రంగులే అని సవరణ వచ్చింది. అప్పటికి అధ్యాయం పరీక్షకులకి వెళ్ళిపోయింది.

వైవా చెయ్యడానికి డాక్టర్ మందాకిని గారొచ్చారు. నెరిసిన జుట్టు ముడేసుకుని, అరిగిన చెప్పులతో, మాట తక్కువ మనిషి. బొమ్మలు చాలాసేపు చూసింది. "నాకొచ్చే థీసిస్‌లన్నీ హోలీ పండగలా ఉంటాయమ్మా. నీదొక్కటి చదవడానికి వీలుగా ఉంది. రంగులు వద్దని ఎవరు చెప్పారు?"

సువార్త భూషణం గారికేసి చూసింది. ఆయన డైరెక్టరుగారికేసి చూశారు. ఉమాకాంతం గారు వినయంగా తల వంచారు. "సంస్థ విధానమండీ అది," అన్నారు.

మధ్యాహ్నం ఆయనే ఆమెను ఆవరణంతా తిప్పారు. కుండీల వరసలు, వాటిలో ఎండుపుల్లలు, ప్రతిదానికీ పేరు రాసిన చీటీ. ఆవిడ అన్నీ చూసి, "మీ మొక్కలు చాలా క్రమశిక్షణగా ఉన్నాయి," అంది. ఆ మాట వార్షిక నివేదిక మొదటి పేజీకి ఎక్కింది.

"బతికున్న వరి చూడాలి," అందావిడ సాయంత్రం, సంతకం పెట్టకుండా. "చూస్తేగాని నమ్మను."

డాబా ఎక్కారు. కాలవ మీంచి గాలి జోరుగా వీస్తోంది. కంకులు బరువుగా వాలి, కాండాలు నిటారుగా ఉన్నాయి. మందాకిని గారు అరచేయి పెట్టి ఒక పిలకని నేలదాకా వంచేసింది. ఆవిడ చెయ్యి తీసింది. పిలక ఒక్క ఊపు ఊగి, లేచి నిలబడింది. ఆవిడ ఇంకోటి వంచింది. అదీ లేచింది. మూడోది వంచలేదు. కాగితాలు గాలికి ఎగరకుండా మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి, "ఎప్పుడు చేరతావమ్మా ఉద్యోగంలో?" అంది.

సువార్త జవాబు చెప్పబోయి, పిట్టగోడకేసి తిరిగి కళ్ళు తుడుచుకుంది. పక్కింటి డాబా మీద వడియాలు తీస్తున్న మాణిక్యాంబ గారు మర్యాదగా మరోవైపు చూసింది.

భూషణం గారి ఫోను మోగింది. ఉమాకాంతం గారు.

"భూషణం గారూ, మంచి వార్త విన్నాను. నివేదికలో ఆ వరి ఫోటో ఒకటి వేద్దాం. పచ్చగా ఉన్నాయి కదా?"

ఆయన కుండీలకేసి చూశారు. సాయంత్రపు ఎండ కంకుల మీద పడుతోంది.

"లేవండి," అన్నారు. "పండాయి."